ముందు సరుకు దిగే చోటు, తర్వాతే షెడ్డు

ఉద్యోగం చేస్తూ, సాయంత్రం దొరికే గంటలో మోడల్ రైల్వే కట్టుకోవాలనుకునేవాళ్లు ఎవరు సలహా అడిగినా నేను మొదట చెప్పేది ఒకటే. పెద్ద స్టేషను జోలికి వెళ్లొద్దు, పొడుగాటి ఎక్స్‌ప్రెస్ బండి జోలికీ వెళ్లొద్దు. పట్టాల పక్కన ఎరువులు, దాణా, విత్తనాలు అమ్మే ఓ పల్లెటూరి డిపో కట్టండి. అమెరికాలో మిడ్‌వెస్ట్ అనే నడిమి రాష్ట్రాల్లో ఉండే రకం.

ఇల్లినాయ్, అయోవా, నెబ్రాస్కాల్లో కారులో తిరిగినవాళ్లు దీన్ని చూసే ఉంటారు. మొక్కజొన్న చేల మధ్య ఊరు వస్తోందనగానే ముందు కనిపించేది ధాన్యం ఎలివేటరు అనే ఎత్తైన గిడ్డంగి. దాని పక్కనో, ఓ ఫర్లాంగు దూరంలోనో ఒక షెడ్డు, తెల్లటి ట్యాంకులు, గడ్డి మొలిచిన ఒంటి సైడింగు (మెయిన్ లైనునుంచి పక్కకు చీలిన పట్టాలు) ఉంటాయి. మన ఊళ్లో సొసైటీ గోడౌను చేసే పనినే అక్కడ రైతుల కోఆపరేటివ్ చేస్తుంది. ఎరువు, దాణా, విత్తనం, పశువులకు ఉప్పు దిమ్మలు, కంచె తీగ, డీజిలు, అన్నీ అక్కడే దొరుకుతాయి. ఇల్లినాయ్‌లో చాలా ఊళ్లలో కనిపించే ఎఫ్‌ఎస్ గుర్తు గ్రోమార్క్ సంస్థది. దాని కేంద్ర కార్యాలయం బ్లూమింగ్టన్‌లో ఉంది. ఆ ఊళ్లో మనవాళ్లు బీమా కంపెనీ సాఫ్ట్‌వేరు ఉద్యోగాల్లో బాగానే ఉన్నారు కాబట్టి వాళ్లకు ఈ సరంజామా అంతా కారు దూరంలోనే ఉంది. తూర్పు రాష్ట్రాల్లో ఆగ్‌వే, కాన్సస్ సిటీ కేంద్రంగా ఫార్మ్‌ల్యాండ్ ఇలాగే వెలిగి, రెండూ 2002లో దివాలా తీశాయి. పాత కాలం కట్టాలనుకుంటే ఆ పేర్లూ పనికొస్తాయి.

ఇదే ఎందుకంటే, చోటు. మన దగ్గర యూరియా రేకు, అంటే పూర్తి గూడ్సు బండి, వస్తే 42 వ్యాగన్లు ఒకేసారి గూడ్స్ షెడ్డుకు వస్తాయి, హమాలీలు దిగుతారు, లారీలు వరస కడతాయి. ఆ రేకు పొడుగు ఇంచుమించు 600 మీటర్లు. హెచ్‌ఓ స్కేలులో, అంటే 87వ వంతుకు తగ్గించి కట్టినా, ఏడు మీటర్లు. అద్దె ఇంట్లో ఏ గదిలో పడుతుంది? మిడ్‌వెస్ట్ డిపోకు పాత రోజుల్లో వ్యాగన్లు ఒకటీ అరా వచ్చేవి. ఇవాళ పొటాష్ ఒకటి, రేపు అమోనియా ఒకటి, ఎల్లుండి దాణా బస్తాలు ఒకటి. ఆరడుగుల బల్ల మీద, ఒక్క సైడింగులో, నాలుగు రకాల వ్యాగన్లకు పని దొరుకుతుంది. ఇంత చిన్న జాగాలో ఇంత పని పెట్టగల పరిశ్రమ మరొకటి నాకు కనిపించలేదు.

ఇక అసలు సంగతి. కొత్తవాళ్లు షాపుకు వెళ్లగానే కిట్టు కొంటారు. అట్టపెట్టె మీద బొమ్మ బాగుంటుంది. ఇంటికొచ్చి షెడ్డు అతికించేస్తారు, పట్టాల పక్కన నిలబెడతారు, వ్యాగను తెచ్చి ఆపుతారు. అప్పుడు ప్రశ్న వస్తుంది: ఈ వ్యాగన్లో సరుకు ఈ షెడ్డులోకి ఎలా వెళ్తుంది? తలుపు ఒకచోట, గోడ మరోచోట ఉంటాయి. పని తిరగేసి చేయాలి. ముందు ఒక కాగితం మీద సైడింగు గీత గీసి, ఏ వ్యాగను ఎక్కడ ఆగుతుంది, దాని సరుకు పైనుంచి దిగుతుందా, పక్కనుంచా, అడుగునుంచా, ఎవరు దేనితో దించుతారు, ఆ చోట్లు గుర్తుపెట్టండి. షెడ్డు ఆ గుర్తుల చుట్టూ లేస్తుంది. రైలు డిపోకు వ్యాగను ఆగే చోటే వాకిలి.

పక్కనుంచి దిగేది బస్తాల సరుకు. నలభై, యాభై అడుగుల బాక్సు వ్యాగను, మధ్యలో జారుడు తలుపు, దాని ఎదురుగా వ్యాగన్ నేల ఎత్తుకు సరిపోయే గట్టు. దాణా, విత్తనాలు, ఉప్పు, బస్తా ఎరువు ఇక్కడే దిగుతాయి. తలుపుకూ గట్టుకూ మధ్య ఒక ఇనుప పలక వేసి చేతిబండితో తోసుకుపోతారు. ఆ పలకను చిన్న ప్లాస్టిక్ ముక్కతో చేసి, గట్టు మీద గోడకు ఆనించి పెట్టండి. వ్యాగను లేనప్పుడు కూడా అక్కడ పని జరుగుతుందని చూసేవారికి తెలిసిపోతుంది.

అడుగునుంచి దిగేది బస్తాల్లో కట్టని విడి ఎరువు. మూత ఉన్న హాపర్ వ్యాగను కింద రెండు మూడు గేట్లుంటాయి. పట్టాల మధ్య ఒక గుంట, దాని మీద ఇనుప జాలీ, లోపల కన్వేయరు, అక్కడినుంచి షెడ్డు నడినెత్తిదాకా ఎక్కే బకెట్ ఎలివేటరు. గుంట ఒక్కటే కాబట్టి మూడు గేట్ల వ్యాగనును రెండుసార్లు జరపాలి. ఒక గేటు ఖాళీ అయ్యాక ట్రాక్టరుతోనో, వ్యాగన్ జరిపే చిన్న యంత్రంతోనో ఇంకాస్త ముందుకు నెడతారు. మోడల్లో అది రెండేసి అంగుళాల కదలిక. కాబట్టి గుంటకు రెండు వైపులా వ్యాగను అటూ ఇటూ జరగడానికి పట్టాలు వదలాలి. గుంటను సైడింగు చివర బఫరుకు ఆనించి పెడితే ఆ డిపోలో మూడో గేటు ఎప్పటికీ తెరుచుకోదు. గుంట తవ్వే స్తోమత లేని డిపోలు పట్టాల మీదుగా వ్యాగను కిందికి తోసే చిన్న కన్వేయరు వాడేవి. మోడల్లో అదీ బాగుంటుంది, పైగా గుంట కోసం బల్లకు రంధ్రం పెట్టనక్కర్లేదు.

పైనుంచి దిగేది అమోనియా. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. అన్‌హైడ్రస్ అమోనియా అంటే నీరు కలవని అమోనియా. మామూలు వాతావరణ పీడనంలో సున్నాకు 33 డిగ్రీలు కిందనే మరిగిపోతుంది కాబట్టి పీడనంలో ద్రవంగా నింపి తెస్తారు. ఆ ట్యాంకు వ్యాగనుకు అడుగున కుళాయి ఉండదు. కవాటాలన్నీ నడినెత్తిన ఒక ఇనుప గుండ్రటి పెట్టెలో ఉంటాయి. పక్కన మెట్లున్న నిట్టనిలువు ఇనుప మంచె, దాని మీదనుంచి వ్యాగన్ నెత్తికి వంతెనలా వాలే నడకదారి, పైపులు. కంప్రెసరు డిపో ట్యాంకులోని ఆవిరిని వ్యాగన్లోకి తోస్తుంది, ఆ ఒత్తిడికి ద్రవం గొట్టంలోంచి పైకెక్కి ట్యాంకులోకి వెళ్తుంది. అంటే మంచెనుంచి రెండు పైపులు పోవాలి, ఒకటి ఆవిరికి, ఒకటి ద్రవానికి. ఒక్క పైపు పెట్టిన మోడళ్లు చాలా చూశాను. ఇంకో సంగతి, అమోనియా రాగిని, ఇత్తడిని తినేస్తుంది. అందుకని అక్కడ అమరికలన్నీ ఉక్కువే. మోడల్లో మెరుపు కోసం వాల్వులకు ఇత్తడి రంగు వేయకండి.

వ్యాగను దాదాపు 33,000 గ్యాలన్లు పట్టే రకం, డిపో నిల్వ ట్యాంకులు సాధారణంగా 30,000 గ్యాలన్లవి. రెండూ పక్కపక్కన పెడితే సైజు ఇంచుమించు ఒకటిగా కనిపించాలి. నిల్వ ట్యాంకు కాంక్రీటు దిమ్మల మీద అడ్డంగా, తెల్లటి రంగుతో ఉంటుంది. దాని ముందు వరసగా రైతులు ట్రాక్టరుకు తగిలించుకుని పొలానికి తీసుకుపోయే నర్స్ ట్యాంకులు, చక్రాల మీద ఒక్కోటి 1,000 గ్యాలన్లవి. సీజనుకు ముందు అవి బారులు తీరి ఉంటాయి, అన్నీ ఒకే రకం, ఒకే రంగు; నాలుగైదు చేసి నిలబెడితే చాలు. ప్రతి దాని మీదా, అమోనియా ఒంటికి తగిలితే కడుక్కోవడానికి ఒక చిన్న నీళ్ల డబ్బా. గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ సంచి ఒక స్తంభం మీద. ఈ రెండూ అలంకారాలు కావు, అక్కడ పనిచేసేవాళ్ల ప్రాణాలకు సంబంధించినవి.

దూరం కూడా అంతే. అమోనియాను షెడ్డుకు ఆనించి పెట్టరు. సైడింగు కొసకు, ఊరికి ఎడంగా పెడతారు. మోడల్లో ఒక అడుగు ఖాళీ వదిలితే నిజంలో 87 అడుగులు. జాగా చాలదని ఆ ఖాళీని తినేయాలనిపిస్తుంది, తినకండి. ఆ ఖాళీలోనే కంకర రోడ్డు, లారీ తిరిగే చోటు, పాత టైరు పడేసిన గడ్డి వస్తాయి.

షెడ్డు గురించి. ఎరువుల షెడ్డంటే ఇనుప రేకుల షెడ్డే అనుకుంటాం. ఎరువు ఇనుమును తినేస్తుంది, ముఖ్యంగా తేమ పట్టిందంటే. అందుకే విడి ఎరువు నిల్వచేసే షెడ్లు చాలావరకు లోపల చెక్క దూలాలు, చెక్క పలకల గదులతో, కింద కాంక్రీటుతో ఉండేవి. ఎలివేటరు తెచ్చిన ఎరువును గదుల్లోకి పంచడానికి కప్పు నడుమ ఇంకో చిన్న గది పైకి లేచి ఉంటుంది. ఆ చిన్న నెత్తిగది లేకపోతే అది దాణా షెడ్డో, ట్రాక్టరు షెడ్డో అనుకుంటారు. రంగుల విషయంలో ఒక సులువు: యూరియా తెలుపు, సస్కాచెవాన్ నుంచి వచ్చే పొటాష్‌లో ఎక్కువ భాగం ఎర్ర గులాబి, ఫ్లోరిడా ఫాస్ఫేటుతో చేసిన డీఏపీ బూడిద, గోధుమ ఛాయ. గుంట జాలీ చుట్టూ గులాబి చాక్‌పొడి కొద్దిగా రుద్ది, ఎలివేటరు మొదట్లో తెల్లటి దుమ్ము చారలు గీయండి. పట్టాల మధ్య ఆ గులాబి మరక కనిపిస్తే చాలు, అది ఎరువుల డిపో అని తెలిసినవాడు మారు మాట లేకుండా ఒప్పుకుంటాడు.

ఆ చెక్క నిర్మాణానికి ఒక చేదు కథ కూడా ఉంది. 2013 ఏప్రిల్ 17న టెక్సస్‌లోని వెస్ట్ అనే ఊళ్లో ఇలాంటి డిపోకే నిప్పంటుకుంది. చెక్క గదుల్లో నిల్వ ఉన్న అమ్మోనియం నైట్రేటు పేలి 15 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది మంటలార్పడానికి వెళ్లినవాళ్లు. సైడింగులో అమ్మోనియం నైట్రేటు వ్యాగను కూడా ఒకటి ఉంది, అది బోర్లాపడింది కానీ పేలలేదు. బొమ్మ డిపో కట్టేటప్పుడు కూడా ఈ సంగతి మనసులో ఉండాలని నా కోరిక. బడి, ఇళ్లు దానికి ఆనించి పెట్టకపోవడం, ఫైరింజను వచ్చే దారి వదలడం, ఇవి అక్కడ పనిచేసేవాళ్ల పట్ల మనం చూపగల గౌరవం.

కాలం ముందే తేల్చుకోండి. నా ఓటు 1970ల నడిమికి. అప్పటికి విడి ఎరువు హాపర్లలో వస్తోంది, అమోనియా పెద్ద ట్యాంకుల్లో వస్తోంది, బస్తాల బాక్సు వ్యాగన్లూ ఇంకా పూర్తిగా పోలేదు. మూడూ ఒకే సైడింగులో కనిపించే కాలం అది. తర్వాత పల్లె లైన్లు వేగంగా మూతబడ్డాయి. మిడ్‌వెస్ట్‌లో నడిచిన రాక్ ఐలండ్ రైల్వే 1980 మార్చి 31తో ఆగిపోయింది, అదే ఏడు వచ్చిన స్టాగర్స్ చట్టంతో రైల్వేలకు గిట్టుబాటు కాని లైన్లు వదిలించుకోవడం సులువైంది. కాలం తేల్చాక దానికి కట్టుబడాలి. ట్యాంకుల మీద నాలుగంకెల ప్రమాద సంఖ్య, అమోనియాకు 1005, తప్పనిసరి అయింది 1980ల మొదట్లో. 1975 డిపోలో ఆ అంకె కనిపించకూడదు. కొత్త బాక్సు వ్యాగన్లకు కప్పు మీద నడక పలకలు 1966 నుంచి ఆగిపోయాయి. పాతవాటికి ఉంటే తప్పు లేదు. హాపర్లకు మాత్రం పైన మూతలు తెరవాలి కాబట్టి నడకదారి ఉంటుంది.

పట్టాలు కూడా కాలం చెప్తాయి. మెయిన్ లైనుకు కోడ్ 83 అనే మందపాటి పట్టా వాడితే సైడింగుకు సన్నటి కోడ్ 70 వేయండి. స్లీపర్లు సగం మట్టిలో మునిగి ఉండాలి. కంకర శుభ్రంగా పోయకండి, బూడిద రంగు మట్టి జల్లి పైన గడ్డి నాటండి. కానీ గడ్డిని పట్టా లోపలి అంచుకు తగలనివ్వకండి, చక్రం ఎక్కితే బండి పట్టాలు తప్పుతుంది. చూపుకు పాడుబడినట్టు, నడకకు నున్నగా ఉండాలి.

సరిగ్గా ఎలా ఉండేదో తెలుసుకోవడానికి ఒక మంచి దారి శాన్‌బోర్న్ పటాలు. అగ్ని బీమా కంపెనీల కోసం 1867 నుంచి గీసిన ఊళ్ల పటాలివి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ చాలావాటిని ఆన్‌లైన్లో ఉచితంగా పెట్టింది. పట్టాల పక్కన ఏ షెడ్డు ఎంత పొడుగు, దేనితో కట్టింది అన్నీ ఉంటాయి. గులాబి రంగు ఇటుక, పసుపు చెక్క. పల్లె డిపోలు చూడ్డానికి వెళ్లేవాళ్లకు ఒక మాట: పబ్లిక్ రోడ్డు మీదనుంచే ఫోటోలు తీయండి. పట్టాలు రైల్వే ఆస్తి, డిపో ఆవరణ వాళ్లది. లోపలికి వెళ్లాలనుంటే ఆఫీసులో అడగండి, రద్దీ లేని కాలంలో చాలామంది సంతోషంగా చూపిస్తారు. వీసా మీద ఉన్నవాళ్లు అనుమతి లేకుండా కెమెరాతో ఎరువుల ట్యాంకుల దగ్గర తిరగడం ఏ రకంగానూ మంచిది కాదు.

ఇప్పుడు ఉద్యోగి లెక్కలు. చోటు చూద్దాం: బాక్సు వ్యాగనుకు ఏడున్నర అంగుళాలు, హాపరుకు ఎనిమిదిన్నర, మధ్యలో అడుగు ఖాళీ, ట్యాంకు వ్యాగనుకు తొమ్మిది. కలిపితే మూడడుగులు దాటి ఒక అంగుళం. జరపడానికి జాగా కలిపి నాలుగున్నర అడుగుల సైడింగు చాలు. ఆరడుగుల బల్లను రెండు మూడడుగుల ముక్కలుగా చేయండి. పైన తేలికపాటి ఫోమ్ పలక, కింద సన్నటి చెక్క చట్రం. ఏడాదికో ఇల్లు, ప్రాజెక్టుకో ఊరు మారేవాళ్లకు ఇది ముఖ్యం. రెండు ముక్కలూ కారు వెనక సీటులో పట్టాలి. అతుకు దగ్గర షెడ్డు రాకుండా, అమోనియాకు వదిలిన ఖాళీ వచ్చేలా చూసుకుంటే రెండు ముక్కలూ విడివిడిగా నిలబడతాయి.

పని పంచుకోవడంలో నేను నమ్మేది, ఆఫీసు ఉన్న రోజు ఆరేవి, సెలవు రోజు కోసేవి. వారం మధ్యలో రాత్రి ఒక గోడకు రంగు వేసి పడుకుంటే మర్నాడు ఆఫీసులో ఉండగా ఆరిపోతుంది. కొలిచి, కోసి, అతికించే పనికి తాజా కళ్లు కావాలి, అవి శనివారం పొద్దునే ఉంటాయి. అలసిపోయి బ్లేడు పట్టకండి. మొత్తం పనిని ఒక ట్రేలో ఉంచండి, తీయడం, సర్దడం రెండు నిమిషాల్లో కావాలి. భోజనాల బల్ల మీద సామాను పరిచి వదిలేస్తే ఇంట్లో వాళ్లకు విసుగు, మీకు వాయిదా. అపార్టుమెంటులో స్ప్రే డబ్బాలు వద్దు. నీళ్లతో కలిసే అక్రిలిక్ రంగులు, కుంచె చాలు. చాక్‌పొడి రుద్దేటప్పుడు మాస్కు పెట్టుకోండి.

కొనుగోళ్ల విషయంలో మొదట మూడే మూడు వ్యాగన్లు, ఒక ఇంజను. మోడల్ కంపెనీ వాల్తర్స్ వాళ్ల సన్‌రైజ్ ఫీడ్ మిల్ కిట్టు దాణా వైపుకు బాగుంటుంది. వాళ్లదే సెంట్రల్ గ్యాస్ అండ్ సప్లై అనే ప్రొపేన్ డిపో కిట్టు ఉంది. ప్రొపేన్‌కూ పీడన ట్యాంకులే కాబట్టి కొద్ది మార్పులతో అమోనియాకు పనికొస్తుంది. ఎరువుల షెడ్డు మాత్రం ప్లాస్టిక్ షీటుతో సొంతంగా కట్టుకోమంటాను. నాలుగు గోడలు, ఒక కప్పు, నెత్తిగది, అంతే కదా. గోడ ఎత్తు, పొడుగు మీ గుంట, మీ సైడింగు చెప్తాయి. కిట్టుకు మీ జాగా తెలియదు.

ఇక నడపడం. ప్రతి వ్యాగనుకు ఒక కార్డు, దానిలో దూర్చే చిన్న చీటీ: ఎక్కడినుంచి, ఏ సరుకు, ఏ చోట ఆగాలి. ఇది అమెరికా మోడల్ రైల్వేల్లో బాగా నలిగిన పద్ధతి. ఇప్పుడు చూడండి, ఈ చిన్న సైడింగు ఎంత పని పెడుతుందో. లోకల్ గూడ్సు కొత్త అమోనియా వ్యాగను తెచ్చింది. అమోనియా చోటు కొసన ఉంది. అక్కడికి వెళ్లాలంటే ముందున్న పొటాష్ హాపరును, బస్తాల బాక్సును బయటికి లాగాలి. హాపరుకు రెండో గేటు ఖాళీ అవుతోంది, బాక్సులో సగం బస్తాలు ఉన్నాయి. ముందు పలక తీయాలి, తలుపు మూయాలి, గేటు బిగించాలి. ఖాళీ ట్యాంకుకు పైపులు ఊడదీసి, వ్యాగను తగిలించి ఉంది అని హెచ్చరించే బోర్డు పట్టాల మధ్యనుంచి తీసేదాకా ఇంజను దాన్ని ముట్టుకోకూడదు. ఖాళీని లాగి, నిండుదాన్ని పెట్టి, మళ్లీ హాపరును సరిగ్గా రెండో గేటు గుంట మీదికి, బాక్సు తలుపును సరిగ్గా గట్టు ఎదురుకు తేవాలి. ఒక్క వ్యాగను ఇవ్వడానికి అరగంట పని. ఆ బోర్డును వేలెడంత కూడా లేని తగరపు ముక్కతో చేసి, చేత్తో తీసి పెట్టేలా ఉంచండి. ఆ ఒక్క పనితో షంటింగ్ అంటే ఏమిటో పిల్లలకు కూడా అర్థమవుతుంది.

చీటీలను సీజన్ల వారీగా నాలుగు కట్టలు చేయండి. చలికాలంలో పొటాష్, డీఏపీ హాపర్లు ఎక్కువ, ఎందుకంటే వసంతానికి ముందే షెడ్డు నింపుకోవాలి. అప్పుడే విత్తనాల బాక్సులూ వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో అమోనియా, యూరియా తెగ వస్తాయి, నర్స్ ట్యాంకులు ఒక్కటీ డిపోలో నిలవవు. ఎండాకాలం నెమ్మది: దాణా, ఉప్పు, గడ్డి కట్టే పురి, ఎప్పుడైనా ఫ్లాటు వ్యాగను మీద ఒకటి రెండు ట్రాక్టర్లు. కోతలు అయ్యాక, నేల చల్లబడి పది డిగ్రీల సెల్సియస్ కిందికి దిగాక మళ్లీ అమోనియా. దాణా మాత్రం ఏడాది పొడుగునా వస్తూనే ఉంటుంది, అది ప్రతి కట్టలో రెండు చీటీలు. దించడానికి రైల్వే ఇచ్చే ఉచిత గడువు అప్పట్లో రెండు రోజులు, దాటితే డెమరేజి అనే జరిమానా. అందుకని ప్రతి చీటీ మీద వ్యాగను వచ్చిన రోజు పెన్సిలుతో రాసి పెట్టండి. మూడో రోజుకు కూడా అది గట్టు దగ్గరే ఉంటే తర్వాతి బండికి దాన్నే ముందు తీయాలి.